ఆరు ఊళ్ళు రైలెక్కిన వారం

ఆ ఆదివారం బెంగళూరు కె.ఆర్.పురంలోని పెదనాన్న ఇంట్లో ఏడుగురం ఉన్నాం. పెదనాన్న మునిరాజు, పెద్దమ్మ సుమ, వాళ్ళ అమ్మాయి రంజితక్క, రంజితక్కతో కాలేజీలో చదివే బ్లెస్సీ, మడివాళ నుంచి వచ్చిన మునివెంకటమ్మవ్వ, మా తాత మునినారాయణప్ప, నేను. ఆరుగురు హాల్లో ఉన్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. నేను రోజూ కూర్చునే స్టూలు కెమెరాకు అడ్డం వస్తోందని బ్లెస్సీ దాన్ని తీసి బాల్కనీలో పెట్టింది. పెట్టే ముందు నన్ను అడిగింది కూడా. పర్వాలేదక్కా అన్నాను. పర్వాలేదని నాకు అనిపించలేదు.

తాతా నేనూ ఊరి నుంచి వచ్చి అప్పటికి పన్నెండు రోజులు. తాత కుడి కంట్లో శుక్లం తీయించడానికి పెదనాన్న రమ్మన్నాడు. నా పదో తరగతి పరీక్షలు అయిపోయాయి కాబట్టి తోడుగా నన్ను పంపారు. ఆపరేషను తర్వాత రోజుకు నాలుగుసార్లు కంట్లో చుక్కలు వేయడం నా పని. డాక్టరమ్మ మందుల చీటీ నా చేతికే ఇచ్చింది. పెదనాన్న చెయ్యి చాపినా నాకే ఇచ్చింది. ఆ మాట ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

మా ఊరు కోనంపల్లి. ఒకప్పుడు చిన్నరైలుకు ఆఖరి స్టేషను మాది. దొడ్డగుట్ట జంక్షను నుంచి మా ఊరికి ఇరవై ఆరు కిలోమీటర్లు, జంక్షను కాక ఆరు స్టేషన్లు. చిన్నరైలు అని ఊరికే అనలేదు. దాని పట్టాల మధ్య ఎడం పెద్ద లైనులో సగం కూడా ఉండేది కాదట. పెట్టెలో ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగిలేవట. నేను పుట్టడానికి పదిహేడేళ్ళ ముందే ఆ లైను మూసేశారు. పట్టాలు పీకి లారీల్లో తీసుకుపోయారు. ఇప్పుడు మట్టికట్ట ఒకటి, దాని కింద వాననీళ్ళు పోయే రెండు మోరీలు, పైకప్పు లేని మా స్టేషను గోడలు మిగిలాయి. కోతల కాలంలో కట్ట మీద ఉలవలు ఆరబోస్తారు.

తాత ఆ లైనులో కీమాన్. పట్టాను కింది చెక్కకు పట్టి ఉంచే ఇనుప చీలను కీ అంటారు. బండి పోయిన ప్రతిసారీ అవి కొంచెం వదులవుతాయి. తెల్లవారగానే సుత్తి భుజాన వేసుకుని, చంకలో ఎర్రజెండా పచ్చజెండా పెట్టుకుని, తనకు అప్పగించిన ఆరు కిలోమీటర్లూ నడుస్తూ ఒక్కొక్క కీని కొట్టుకుంటూ పోవాలి. బిగిసి ఉన్న కీ గంటలా మోగుతుంది. వదులైంది మట్టికుండలా పలుకుతుంది. తాత ఆ రెండు చప్పుళ్ళూ నోటితో చేసి చూపించేవాడు. నేను అయిదో తరగతిలో ఉన్నప్పటి నుంచి ఇవన్నీ రాసుకుంటున్నాను. మోరీల నెంబర్లు, గార్డుల పేర్లు, ఏ వంపు దగ్గర గేదెలు పడుకునేవి, ఏ స్టేషనులో వేరుశనగ మూటలు ఎక్కించేవారు. మా నాన్నకు ఈ కథలు విసుగు. తమ్ముడు వింటూనే నిద్రపోతాడు. కాబట్టి ఆ రైలు నాది. చూడని రైలు నీదెట్లా అవుతుందని ఎవరైనా అడిగితే నేను నోరు తెరిచి చెప్పలేకపోవచ్చు. కానీ నాకు తెలుసు.

రంజితక్కకు ఇరవై ఏళ్ళు. తాత రైల్వేలో చేశాడని ఆమెకు తెలుసు. ఏం చేశాడో తెలియదు. మేం వచ్చిన ఎనిమిదో రోజు పొద్దున, అందరూ ఇడ్లీలు తింటుండగా, స్టేషను వైపు నుంచి బండి మోత వినబడింది. తాత తల ఎత్తకుండానే, "గూడ్సు. ఖాళీది," అన్నాడు.

రంజితక్క తినడం ఆపింది. "ఎలా తెలిసింది తాతా?"

"బరువుండే బండి అట్ల ఎగరదు పాపా. ఖాళీ బండి ఎగిరెగిరి పడతాది."

"నువ్వు రైల్వేలో ఏం చేస్తుండేవాడివి? డ్రైవరా?"

నేను సమాధానం చెప్పబోయాను. నా నోట్లో ఇడ్లీ ఉంది. అది మింగేలోపు తాతే మొదలుపెట్టాడు. సుత్తి, జెండాలు, గంట చప్పుడు, మట్టికుండ చప్పుడు. అదే వరస, అవే మాటలు. ఆ మాటలు నా కోసం అట్లా అమరాయని నేను అనుకునేదాన్ని.

వాళ్ళ కాలేజీలో ఆఖరి ఏడాది వాళ్ళు తమ ఇంటికో ఊరికో సంబంధించిన పాత సంగతి ఏదైనా తీసుకుని ఇరవై నిమిషాల వీడియో చేయాలట. రంజితక్క అప్పటిదాకా కుందలహళ్ళి వైపు ఒక చెరువు గురించి చేస్తోంది. ఆ చెరువును అక్కడే వదిలేసింది. "ఇంట్లోనే ఇంత స్టోరీ పెట్టుకుని నేను ఎక్కడెక్కడో తిరుగుతున్నా కదమ్మా," అంది పెద్దమ్మతో. పెద్దమ్మ సంతోషించింది. పెదనాన్న ఇంకా సంతోషించాడు. మడివాళ మార్కెట్లో పూలమ్మే మునివెంకటమ్మది చిన్నరైలు లైనులోని రాళ్ళకుంటేనని, ఆవిడను కూడా పిలుద్దామని ఆయనే అన్నాడు.

తర్వాతి నాలుగు రోజుల్లో జరిగినవి నేను డైరీలో రాయలేదు. రాస్తే నిజమవుతుందని భయం. ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి రోజు రంజితక్క తన ఫోనులో ఒక ఫోటో వెతికి పట్టుకుంది. ఎవరో పాత రైళ్ళ పిచ్చి ఉన్నాయన ఎప్పుడో తీసి పెట్టాడట. చిన్నరైలు ఇంజను, పక్కన ఇద్దరు మనుషులు. తాత ఫోనును ఎడమకంటి దగ్గరకు తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

"ఇది మూడో నెంబరు," అన్నాడు. "దీనికి పొగగొట్టం ఈ పక్కన సొట్ట ఉండె. చూడు, ఉండాదా?"

ఉంది. నేను ఏడో తరగతిలో తాత చెప్పగా ఆ ఇంజను బొమ్మ రెండు పేజీల మీద వేశాను. నా బొమ్మలో పొగగొట్టం నిటారుగా, నున్నగా ఉంది. సొట్ట సంగతి తాత నాకు ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే చెప్పేవాడేమో. సొట్ట ఉందా అని ఎవరు అడుగుతారు?

రెండో రోజు మధ్యాహ్నం నేను స్నానం చేసి వచ్చేసరికి రంజితక్క తాత కంట్లో చుక్కలు వేస్తోంది. "టైమైంది భవీ, నువ్వు బాత్రూంలో ఉన్నావని నేనే వేశా," అంది. సరిగ్గానే వేసింది. కింది రెప్ప లాగి, సీసా మొన కంటికి తగలకుండా. తప్పు పట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని నిలబడి చూశాను. దొరకలేదు.

మూడో రోజు తాత ఆమెను "అమ్మణ్ణీ" అని పిలిచాడు.

తాతకు నలుగురు మనవరాళ్ళం. అందరినీ పాపా అంటాడు. నన్ను మాత్రమే అమ్మణ్ణీ అంటాడు. ఆ రోజు, "అమ్మణ్ణీ, రొంత నీళ్ళియ్యి," అంటే నేను లేచి వంటింట్లోకి పోయి గ్లాసుతో వచ్చాను. అప్పటికే రంజితక్క తన సీసా మూత తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆమె వైపే తిరిగి ఉన్నాడు. కన్ను సరిగా కనబడక అట్లా అన్నాడేమోనని నాకు నేను చెప్పుకున్నాను. ఆ గ్లాసు నీళ్ళు నేనే తాగాను.

ఆ సాయంత్రమే రంజితక్క నా డైరీ చూసింది. దొంగతనంగా కాదు. నేను రాసుకుంటుంటే పక్కన కూర్చుని, "చూడొచ్చా?" అని అడిగింది. పేజీలు తిప్పింది. ఆమె చదువంతా బెంగళూరులోనే, ఇంగ్లీషూ కన్నడమూ. "అక్షరాలు కన్నడ లాగే ఉన్నాయి కానీ నాకు తలా తోకా తెలియడం లేదు. ఇది రైలు బొమ్మా? ఎంత బాగా వేశావు. ఇవన్నీ తాత చెప్పినవేనా?" అంది.

"ఊ," అన్నాను.

"నాకు చదివి చెప్తావా?"

"తర్వాత చెప్తానక్కా," అని డైరీ మూసేశాను. ఆమెకు కోపం రాలేదు. రంజితక్కకు కోపం రాదు. అది కూడా నాకు కష్టంగానే ఉంటుంది.

ఇక ఆదివారం. కెమెరా నిలబెట్టారు. తాతకు పెదనాన్న తెల్లచొక్కా కొని తెచ్చాడు. బ్లెస్సీ ఆ చొక్కా కాలరుకు చిన్న మైకు తగిలించింది. "ఆడియో బానే వస్తోంది రంజూ, ఫ్యాన్ ఒక్కటి ఆపితే చాలు," అంది. ఫ్యాను ఆపారు. తర్వాత రంజితక్క, "తాతా, ఆ నల్లద్దాలు ఒక్క అరగంట తీస్తావా? నీ కళ్ళు కనబడాలి," అంది.

ఎండా దుమ్మూ తగలకుండా నెల రోజులు అద్దాలు తీయకూడదని డాక్టరమ్మ చెప్పింది. నాకే చెప్పింది. "తీయకూడదక్కా," అన్నాను. నా గొంతు గుమ్మం దాటినట్టు లేదు. ఎవరూ ఇటు చూడలేదు. తాత అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

మునివెంకటమ్మవ్వ సోఫా అంచున కూర్చుని ఉంది. కొప్పులో తను అమ్మే కనకాంబరాలే పెట్టుకుంది. పెద్దమ్మ కాఫీ ఇస్తే, "ఆరనీమ్మా," అని పక్కన పెట్టింది. తాతను చూసి, "ఏం నారాయణప్పన్నా, పెండ్లికొడుకు మాదిరి ఉండావు కదా," అంది.

"నువ్వు మాత్రం? మడివాళలో పూలన్నీ నీ తలలోనే ఉండాయి," అన్నాడు తాత.

అందరూ నవ్వారు. రంజితక్క అడగడం మొదలుపెట్టింది. ఏ ఏడు ఉద్యోగంలో చేరావు, మొదటి రోజు ఎట్లా ఉంది, భయం వేసిందా. నాకు జవాబులన్నీ ముందే తెలుసు. తాత నోరు తెరవకముందే నేను లోపల చెప్పేసుకుంటున్నాను. ఒక్కటైనా తప్పలేదు. కొంచెం నెమ్మదించాను. ఎన్ని మైకులు తగిలించినా ఈ కథలు ముందు నా దగ్గరికి వచ్చినవేనని అనిపించింది.

అప్పుడు రంజితక్క, "మన అవ్వను మొదట ఎక్కడ చూశావు తాతా?" అని అడిగింది.

మా అవ్వ నేను పుట్టకముందే పోయింది. ఆవిడ గురించి తాత ఎక్కువ మాట్లాడడు. ఇది అడిగే ప్రశ్నేనా అనుకున్నాను. తాత నవ్వడం మొదలుపెట్టాడు.

"పెండ్లిలో చూసినట్టే లెక్క. ఆయమ్మ తల వంచుకోని ఉండె, నేనూ తల వంచుకోని ఉంటి. పెండ్లైన మూడో నెల కాపురానికి తోలకొస్తా ఉండారు, చిన్నరైల్లో. నాకు లీవు ఇయ్యలే. పద్నాలుగో మోరీ కాడ బండి నీళ్ళకని నిలిచింది. నేను ఆడనే కీలు కొడతా ఉండాను. తలకు గుడ్డ, ఒళ్ళంతా గ్రీసు. పెట్టెలో నుంచి ఒగామె తల బయట పెట్టి, 'అన్నా, అన్నా, రొంత నీళ్ళు దొరుకుతాయా' అనె."

"అవ్వేనా?" అంది రంజితక్క.

"ఆయమ్మే. నేను గుర్తుపట్టినాను. ఆయమ్మ పట్టలే. మొగుణ్ణి పట్టుకోని అన్నా అనె. నేనేం మాట్లాడకుండా ఇంజను కాడికి పోయి చెంబు నిండా నీళ్ళు పట్టుకొచ్చి ఇస్తిని. 'నీ కడుపు చల్లగుండనన్నా' అనె. మాపున నేను ఇంటికి పోయి కాళ్ళు కడుక్కుంటా ఉంటే చూసి, ఇంక ఆ పొద్దంతా వంటింట్లో నుంచి బయటికి రాలే."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మునివెంకటమ్మవ్వ, "అట్ల జరిగెనా, మాకెవురికీ చెప్పనేలేదు కదప్పా," అంది.

"ఎవురికీ చెప్పలే. ఈ పొద్దు ఈ అమ్మణ్ణి అడిగె, చెప్పినా."

పద్నాలుగో మోరీ గురించి నా డైరీలో ఒకటిన్నర పేజీ ఉంది. దాని కింద ఎన్ని తూములున్నాయో ఉంది. ఏ వానకు ఎంత నీరు ఎక్కిందో ఉంది. ఇది లేదు. అవ్వను ఎక్కడ చూశావని ఆరేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు. రంజితక్క నాలుగు రోజుల్లో అడిగింది. గుమ్మం చెక్కను గోళ్ళతో గీరుతూ నిలబడ్డాను.

తర్వాత కెమెరా మునివెంకటమ్మవ్వ వైపు తిప్పారు. ఆవిడ లైను మూసేసిన సంగతి చెప్పింది.

"మాకు రాళ్ళకుంటలో అరెకరా కనకాంబరం తోట ఉండె. తెల్లారి అయిదింటికి పూలు కోసేది, ఆరింటి బండెక్కేది, ఏడింటికి జంక్షను మార్కెట్లో ఉండేది. బండి నిలిచిపోయినంక తొమ్మిదింటి బస్సే గతి. ఆ పొద్దుకు మార్కెట్టు అయిపోతాది, పూలు వడిలిపోతాయి. రెండేండ్లు చూసి తోట అమ్ముకోని ఈడికి వచ్చేస్తిమి. అప్పుటి నుంచీ ఇంకొకరి పూలు అమ్ముకుంటా ఉండాను."

"ఎందుకు మూసేశారవ్వా?" అంది రంజితక్క.

"జనం ఎక్కడం లేదనిరి. దొంగమాట. ఎంతమంది ఎక్కుతారో ఒక వారం లెక్క తీస్తారనంగానే ఈ నారాయణప్పన్న ఆరూళ్ళు తిరిగినాడు. డ్యూటీ దిగి, అన్నం కూడా తినకుండా. మా ఊరికొచ్చి రచ్చబండ మీద నిలబడి చెప్పినాడు, వచ్చే వారమంతా అందరూ రైలెక్కండి, మన రైలు మనం నిలబెట్టుకోవల్ల అని. ఎక్కినాము కదప్పా. ముసిలోళ్ళు ఎక్కిరి, బాలింతలు ఎక్కిరి. పని లేకపోయినా పోయేది, వచ్చేది. పైన కూడా కూర్చునిరి. అయినా ఆపీసర్లు జనం లేరని రాసుకునిరి. బస్సులోళ్ళ కాడ తినింటారు. ఈయన ఒక్కడే ఆ పొద్దు మా కోసం తిరిగినోడు."

పెదనాన్న తాత భుజం మీద చెయ్యి వేశాడు. కెమెరాలో అది బాగా వచ్చి ఉంటుంది. రంజితక్క కళ్ళు మెరుస్తున్నాయి. "తాతా, ఆ వారం గురించి నువ్వు చెప్పు," అంది.

"ఆయమ్మ చెప్పింది కదా," అన్నాడు తాత. జేబులోంచి అద్దాలు తీసి చేతిలో తిప్పుతున్నాడు.

"నీ మాటల్లో కావాలి తాతా. సల్ప, కొంచెమైనా చెప్పు."

"ఇంకేముండాది చెప్పను. అయిపోయిందది."

ఆయన ఎందుకు చెప్పడం లేదో ఆ ఇంట్లో నాకు ఒక్కదానికే తెలుసు. అవ్వ సంగతి చెప్పాడు, సొట్ట సంగతి చెప్పాడు, ఇది మాత్రం చెప్పలేదు. ఆ ఒక్కటీ ఇంకా నా దగ్గరే ఉంది. అక్కడితో నేను తృప్తి పడి ఉండవచ్చు.

రంజితక్క గుమ్మం వైపు తిరిగింది. "భవీ, నీ నోట్‌బుక్‌లో ఆ వారం గురించి ఉందా?"

తల ఊపాను.

"అయితే నువ్వు చదువు. ప్లీజ్. తాత పక్కన కూర్చుని చదివితే ఎంత బాగుంటుందో. బ్లెస్సీ, ఫ్రేమ్‌లో చోటుంది కదా?"

"ఉంది ఉంది. రా చెల్లీ," అంది బ్లెస్సీ.

నాకు నలుగురిలో మాట్లాడడం రాదు. చదవడం వస్తుంది. మా బడిలో ప్రార్థన అయ్యాక వార్తలు చదివేది నేనే. కాగితం చేతిలో ఉంటే నా గొంతు వణకదు. లోపలికి పోయి డైరీ తెచ్చాను. తాత పక్కన కూర్చున్నాను. ఆయన నా వైపు చూసి, చదవమన్నట్టు కొంచెం నవ్వాడు. ఆ వారం గురించి డైరీలో రెండు చోట్ల ఉంది. ఒకటి ఏడో తరగతిలో రాసింది. అందులో బాలింతలు, పైన కూర్చున్నవాళ్ళు, రైల్లో ఎక్కించిన మేకలు, అన్నీ ఉన్నాయి. మునివెంకటమ్మవ్వ చెప్పినదే ఇంకొంచెం వివరంగా ఉంది. తాత అదే చదువుతాననుకున్నాడు. నేను కూడా మొదట ఆ పేజీయే తీశాను. రంజితక్క నేల మీద తాత మోకాలికి ఆనుకుని కూర్చుంది. ఆయన చెయ్యి ఆమె తల మీద ఉంది.

నేను పేజీలు ముందుకు తిప్పి, రెండోది తీసి చదివాను.

"జనవరి ఇరవై ఆరు. ఈ రోజు మా బడిలో జెండా ఎగరేశాక తాతకు శాలువా కప్పారు. చిన్నరైలు కోసం పోరాడిన మనిషి అని సర్పంచి మాట్లాడాడు. ఇంటికి వచ్చాక తాత శాలువా మడిచి నాకిచ్చి, ఇది నాకు వద్దు అన్నాడు. ఎందుకు తాతా అన్నాను. అప్పుడు చెప్పాడు. లెక్క తీసే వారానికి ముందు జంక్షను గుమాస్తా తాతను పిలిచి, ఆరు ఊళ్ళకూ పోయి టికెట్లు కొని రైలెక్కమని చెప్పు అన్నాడట. తాత ఆరు ఊళ్ళకూ పోయాడు. రైలెక్కండి అన్నాడు. టికెట్టు కొనండి అని ఒక్క ఊళ్ళో కూడా అనలేదు. తాతకు రైల్వే పాసు ఉండేది. జన్మలో ఒక్కసారి కూడా ఆయన టికెట్టు కొనలేదు. అందుకని ఆ మాట చెవిలో పడింది గానీ మనసులో నిలవలేదట. ఊళ్ళవాళ్ళకు కూడా ఆ రైలుకు టికెట్టు కొనే అలవాటు లేదు. గార్డులు తెలిసినవాళ్ళు. ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఎక్కేవారు. ఆ వారం రైలు పట్టనంత జనం ఎక్కారు. ఏడు రోజులకు ఆరు స్టేషన్లలో తెగినవి అరవై మూడు టికెట్లు. తర్వాత తాత జంక్షనుకు పోయి, బండి నిండా జనం ఉన్నారు కదా సార్ అని అడిగాడట. జనాన్ని ఎవరు లెక్కపెట్టారయ్యా, టికెట్లనే కదా లెక్కపెట్టేది, నీకు చెప్తిని కదా అన్నాడట గుమాస్తా. ఆఫీసర్లు దొంగలెక్క రాయలేదు. నాలుగు నెలలకు లైను మూసేశారు. నేనే మూసినాను అమ్మణ్ణీ అన్నాడు తాత."

ఎక్కడా తడబడలేదు. చివరి మాట వరకూ బడిలో చదివినట్టే చదివాను. ఎవరికీ చెప్పవద్దని ఆ రోజు తాత నాతో అనలేదు. అనాల్సిన అవసరం ఉందని ఆయనకు తోచి ఉండదు.

ఫ్యాను ఆపి ఉండడం వల్ల వంటింట్లో ఫ్రిజ్ మోత హాల్లోకి వినబడుతోంది. కెమెరా మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. రంజితక్క తల మీది చెయ్యి తాత ఎప్పుడో తీసేశాడు.

మునివెంకటమ్మవ్వ చాలాసేపు నా చేతిలోని డైరీని చూసింది. ఆవిడకు చదువు రాదు. తర్వాత తాతను చూసింది.

"నిజమేనా అన్నా?"

"నిజమే వెంకటమ్మా."

"కొనమని చెప్పింటే కొనింటాము కదప్పా," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ఎంత ఉండె టికెట్టు? రూపాయి ఉండె. పూలగంప ఎత్తుకోని పోయేదాన్ని, రూపాయి లేకనా? ఆ ఏడు దినాలూ దినానికి రెండుతూర్లు పోయొస్తిని. చంటిదాన్ని చంకనేసుకోని పోయొస్తిని, నువ్వు చెప్పినావని."

తాత, "కొనింటారు," అన్నాడు. "మీరంతా కొనింటారు. నేనే చెప్పలే."

"అవ్వా, ఇది తాత తప్పు అనుకోకూడదు," అంది రంజితక్క లేస్తూ. "ఒక వారం టికెట్లు చూసి ఒక లైను మూసేయడం, అది ఆ సిస్టమ్‌దే..."

మునివెంకటమ్మవ్వ వినడం లేదు. చెప్పులు వేసుకుంటోంది. కాఫీ అట్లాగే ఉంది, పైన తెట్టు కట్టింది. పెదనాన్న బండి తాళం తీసుకుని, "బస్టాండు దాకా నేను దింపుతానవ్వా," అని వెంట వెళ్ళాడు. మెట్ల దగ్గర ఆగి నా వైపు తిరిగాడు.

"ఎవురి ముందర ఏం చదువుతా ఉండావో తెలుసునా నీకు?"

నేను డైరీ మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"చదవమన్నది నేను నాన్నా," అంది రంజితక్క. "దానికేం తెలుసు? అది చిన్నపిల్ల. నాదే తప్పు."

నాకు తెలుసు. తెలిసే చదివాను. తప్పు కూడా ఆమే తీసేసుకుంది, నాకు అది కూడా మిగల్చలేదు.

రంజితక్క తాత ముందు మోకాళ్ళ మీద కూర్చుని కాలరు నుంచి మైకు విప్పింది. "ఇది నేను పెట్టను తాతా. ఇప్పుడే తీసేయిస్తా. బ్లెస్సీ, ఆపెయ్."

"ఆపేశా రంజూ," అంది బ్లెస్సీ.

"తీసేయొద్దు, ఉండనీ," అన్నాడు తాత. "జరిగిందే కదా. అట్లనే పెట్టు."

ఆయన లేచాడు. హాలు నుంచి లోపలి గదికి ఒక మెట్టు ఉంది. ఆ మెట్టు దగ్గర రోజూ నేను చెయ్యి పట్టుకుంటాను. చెయ్యి చాపాను. ఆయన గోడ పట్టుకుని తనే ఎక్కాడు. నేను వెనకే పోయాను. గదిలో మంచం అంచున కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"తాతా," అన్నాను.

ఆయన చొక్కా పైబొత్తం తీసుకున్నాడు.

"తాతా, నువ్వు నాకు ముందు చెప్పినావు కదా. రంజితక్కకి కాదు కదా. అందుకని..." అక్కడ ఆగిపోయాను. ఆ మాట బయటికి వచ్చాక ఎంత చిన్నగా ఉందో నాకే తెలిసింది.

"నీకు చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టింది," అన్నాడు తాత. "ఎన్నేండ్లకో. ఈ పిల్ల కాడ పెట్టినాను, ఇంక భయం లేదులే అనుకునింటి."

"ఎవరికీ చెప్పొద్దని నువ్వు అనలేదు."

"అనలే," అన్నాడు. "ఆ పొద్దు ఆరూళ్ళకీ అనాల్సిన మాట అనలే. నీకూ అనలే. అది నా గుణమేమో."

ఏడవాలనిపించింది. ఏడుపు రాలేదు. హాల్లో రంజితక్క పెద్దమ్మతో ఏదో మెల్లగా చెబుతోంది, నా పేరు వినబడింది. తాత కూడా విన్నాడు.

"నువ్వు పో," అన్నాడు. "నేను రొంచేపు పండుకుంటాను."

"నేను ఇక్కడే కూర్చుంటా తాతా. మాట్లాడను."

ఆయన మంచం మీద నుంచి లేచి నా దగ్గరికి వచ్చాడు. నా తల మీద చెయ్యి పెడతాడేమో అనుకున్నాను. ఆ చెయ్యి నన్ను దాటి తలుపు కోసం గాలిలో తడిమింది. అంచు దొరికింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను, వేయకపోతే తగిలేది. తాత తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, లోపల గడియ పెట్టుకున్నాడు.